పాదరక్షలు బయటనే విడువవలెను

ఏ పళ్ల క్లినిక్కుకి వెళ్లినా గుమ్మంలోనే ఈ బోర్డు, కింద ఎర్రక్షరాల్లో "దయచేసి సహకరించండి". శుభ్రత విషయంలో మన వైద్యం సాధించిన పరాకాష్ఠ ఇదేనని నా నిశ్చితాభిప్రాయం. సహకరిస్తాం. రోగాలన్నీ మన చెప్పుల్లోనే వస్తాయని, గడప లోపల ఉన్నదంతా పరమ పవిత్రమని ఒప్పేసుకుని, పొద్దుట్నించీ ఊరంతా తొక్కిన తడి పట్టా మీద ఉత్తకాళ్లతో నడిచెళ్లి కుర్చీ ఎక్కుతాం.

అసలు వైభోగం అక్కణ్ణుంచి. డాక్టరుగారు టప్పుమని గ్లోవ్స్ తొడుక్కుంటారు, ఆ చప్పుడుకే సగం నొప్పి పోతుంది. ఆ గ్లోవ్స్‌తోనే పైనున్న లైటు సర్దుతారు, మన చిగుళ్లు నొక్కి చూస్తారు, ఫోన్ మోగితే ఎత్తి "ఆఁ, పాలు రెండు ప్యాకెట్లు చాలు" అంటారు, డ్రాయర్ లాగి కాంపౌండరుకి ఐదొందలకి చిల్లరిచ్చి, అంతే నిష్ఠగా మళ్లీ మన నోట్లోకి. గ్లోవ్స్ కాపాడుతున్నాయి కదా! ఎవర్నంటే, డాక్టరుగార్ని, మన నోటి నుంచి. పళ్లు గీకే పనిముట్లు స్టీలు ట్రేలో గోరువెచ్చటి నీళ్లలో జలకాలాడుతుంటాయి. పనిముట్లని ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ లేదా అంటే ఎందుకు లేదండీ, మూలన ఉంది, దాని మీద వినాయకుడి బొమ్మ, పక్కన ఎక్స్‌రేల కట్ట. 121 డిగ్రీల ఆవిరిలో అయితే కనీసం పావుగంట ఉంచితేనే మొండి క్రిములు చస్తాయి, ఉత్తి మరిగే నీళ్లని అవి లెక్కే చెయ్యవు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా వారం రోజులు బతుకుతుంది. కానీ అది చెప్పులేసుకుని రాదు కాబట్టి బోర్డుకి అభ్యంతరం లేదు.

తమిళనాడులో, వాణియంబాడిలో ఏం జరిగిందో చూడండి. మట్టిలో, నీళ్లలో ఉండే మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఒక పళ్ల క్లినిక్కుకి వెళ్లిన పదిమందికి మెదడు దాకా ఎక్కింది. ఎనిమిది మంది పోయారు. వెళ్లింది పంటి వైద్యానికి! వేలూరు సీఎంసీ ఆసుపత్రి, కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్లు ఆరా తీస్తే బయటపడింది ఒక సెలైన్ సీసా. దాన్ని చిగుళ్ల పనిముట్టుతో తెరిచి, వదులుగా మూసి, తర్వాత వచ్చినవాళ్లకీ అదే వాడారట. కొత్త సీసా బిర్యానీ ప్యాకెట్ కంటే చవక.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 2022 ఆగస్టులో హైదరాబాద్ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒకే క్యాంపులో 34 మంది ఆడవాళ్లకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. పొట్టలోకి పెట్టే లాపరోస్కోప్ గొట్టాన్ని ఒకరికీ ఇంకొకరికీ మధ్య మందు ద్రావణంలో ఇరవై నిమిషాలు నానబెట్టాలి. ఎన్ని గొట్టాలుండాలో, ఎన్ని గంటలు పట్టాలో మీరే లెక్కేసుకోండి. ఇన్ఫెక్షన్‌తో నలుగురు చనిపోయారు. చిన్న చిన్న పిల్లల తల్లులు. ఇద్దరు పిల్లలు చాలమ్మా, ఆపరేషన్ చేయించుకో అని బతిమాలి తీసుకొచ్చింది మనమే కదా, సిగ్గుండక్కర్లా? తర్వాత 5 లక్షలు, డబుల్ బెడ్‌రూం ఇల్లు ప్రకటించారు. ఆ ఇంట్లో పిల్లలకి అన్నం ఎవరు కలిపి పెడతారో జీవోలో రాయలేదు.

ఎక్కడైనా ఇన్ఫెక్షన్ వచ్చిందంటే డాక్టరు మొదటి ప్రశ్న, "మీకు షుగర్ ఉందా?" లేదంటే, "బయట ఏమైనా తిన్నారా?" అదీ లేదంటే, "ఇంట్లో శుభ్రంగా ఉండాలమ్మా." ట్రే సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. మొన్న నేను ఎత్తాను. పనిముట్ల ప్యాకెట్ నా ముందు చింపండి అన్నాను. సిస్టరుగారు డాక్టరు వంక చూసి, నా వంక చూసి, "అంత టెన్షన్ అయితే కార్పొరేట్‌కి పోండి సార్, అక్కడ చింపడానికి కూడా బిల్లేస్తారు" అంది.