ఐదో కాంటూరా, మూడో కాంటూరా? కొల్లేటి గట్టు మీద వాదోపవాదం

కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన గీతే ఐదో కాంటూరు. దాని లోపల ఉన్న 308 చదరపు కిలోమీటర్లలో చేపల చెరువులు ఉండకూడదన్నారు. 2006లో యంత్రాలు దించి గట్లు తెంచారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. అది అమలు కాలేదు, ఆ కోరికా చల్లారలేదు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో నడిచే వాదాన్ని ఇక్కడ ఇద్దరి నోట పెట్టాను. ఒకరు ఐదో కాంటూరు లోపల ఆరెకరాల జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి, ఉన్న బాబాయి. మరొకరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఆయన అన్న కూతురు. నా మొగ్గు అమ్మాయి వైపే. అయినా బాబాయి మాటల్లో కొట్టిపారేయలేనివి చాలా ఉన్నాయి.

బాబాయి: నువ్వు గూడబాతుల (పెలికన్ల) లెక్క రాసుకుంటావు, మంచిదే. మనుషుల లెక్క ఎవరు రాస్తారమ్మా? ఈ ఆరెకరాలు మా నాన్న కొన్నవి. పాసుపుస్తకం ఉంది, శిస్తు రసీదులున్నాయి. ఒక్క ఉత్తర్వుతో అది అభయారణ్యమైపోయింది. అమ్ముదామంటే కొనేవాడు లేడు, తాకట్టు పెడదామంటే పట్టేవాడు లేడు. పరిహారం అడిగితే కొల్లేటి చాంతాడంత కథ చెబుతారు.

అమ్మాయి: ఆ అన్యాయాన్ని నేను కాదనను బాబాయీ. సొంత భూమిని అభయారణ్యంలో కలుపుకున్నవాళ్లు డబ్బు కట్టి కలుపుకోవాలి. ఇన్నేళ్లు నాన్చడం ప్రభుత్వాల తప్పే. కానీ అందుకు సరస్సును కుదించాలంటే ఎలా? ఐదు నుంచి మూడుకు దిగితే విస్తీర్ణం సగం కూడా మిగలదు. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కూడా తగ్గించవద్దనే చెప్పింది.

బాబాయి: కమిటీల వాళ్లు వస్తారు, పడవెక్కుతారు, వెళ్లిపోతారు. ఇక్కడ వానాకాలం సార్వా వేస్తే మునుగుతుంది. రెండో పంట దాళ్వా ఒక ఏడు చేతికొస్తే మరో ఏడు నీటిపాలు. 1970లలో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వించింది. అప్పుడది అభివృద్ధి, ఇప్పుడు ఆక్రమణా? తెల్లవారుజామున ఒకసారి గట్టు మీదికి రా. తవుడూ చెక్కా కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, నీళ్లలో పాతిన గడలకు కడుతుంటారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతులు పెట్టి లాగుతుంటే గడలు ఊగుతుంటాయి. వల లాగేవాళ్లు, ఐసు కొట్టేవాళ్లు, లారీ ఎక్కించేవాళ్లు, అందరూ అక్కడే ఉంటారు. మన శీలావతి, బొచ్చె కలకత్తా దాకా వెళుతున్నాయి. ఒక్క చెరువు వెనక ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో నీ పుస్తకంలో ఉందా?

అమ్మాయి: లేదు, ఉండాలి. అయితే ఆ సంచులు కట్టే మనిషి గురించే మాట్లాడదాం. సొసైటీ చెరువు కాగితం మీద ఎవరిది? చేపల వేటే వృత్తిగా ఉన్న వడ్డి కులస్థులది. సాగు చేసేది ఎవరు? లీజుకు పట్టిన బయటివాళ్లు. వలా, వెదురు బుట్టా పట్టుకుని తన చేపను తనే అమ్ముకున్న మనిషి, ఇవాళ అదే నీటి గట్టున రాత్రి కాపలా కాస్తున్నాడు. అభయారణ్యం వచ్చినా సంప్రదాయ చేపల వేటను ఆపలేదు. గట్టు కట్టి పెంచడాన్నే ఆపారు. గట్టు లేని నీళ్లలో చేప ఊరందరిదీ. గట్టు వేశాక లీజుదారుడిది.

బాబాయి: లీజు డబ్బు వాళ్లకు ముడుతోంది కదా.

అమ్మాయి: ముడుతోంది. నీళ్లు చేతులు మారినందుకు ఇచ్చే కూలి అది.

(ఇక్కడ బాబాయి మాట్లాడలేదు. ఈ వాదంలో ఇంతకన్నా బరువైన మాట నాకు దొరకలేదు.)

బాబాయి: సరే, పక్షుల సంగతికి రా. ఆటపాక పక్షుల కేంద్రంలో మీవాళ్లు చూపించే గూడబాతులు తినేది ఎవరి చేప? నా చెరువు చేపే. వాటిని నేనూ మేపుతున్నాను.

అమ్మాయి: మేపుతున్నారు, టపాకాయలు కాల్చి తరుముతున్నారు కూడా. ఆటపాకలో గూళ్లు దేని మీద కడుతున్నాయో చూశారా? అటవీశాఖ నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద. తల్లి నోరు తెరిస్తే పిల్ల మెడ దాకా దాని గొంతు సంచిలోకి దూర్చి తింటుంది. కింద ఆకులుండవు, కొమ్మలుండవు, తుప్పు పట్టిన ఇనుపకడ్డీలే. కొల్లేటికి వచ్చిన పక్షికి ఆ మాత్రం చెట్టు కూడా మిగల్చలేదు మనం. అయినా నా దిగులు పక్షి ఒక్కదాని గురించే కాదు. కొల్లేరు రెండు డెల్టాల మధ్య గిన్నె. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఇందులోకే దిగుతాయి. బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే, అదీ 60 కిలోమీటర్ల వంకర దారి. వచ్చేటప్పుడు ఒక్కుమ్మడిగా వస్తాయి, పోయేటప్పుడు నిదానంగా పోతాయి. ఈలోగా పరుచుకుని నిలవడానికి చోటు కావాలి. ప్రతి గట్టూ ఆ చోటులో కొంత తినేస్తుంది. 2024 సెప్టెంబరు వరద మరిచిపోయారా?

బాబాయి: మరిచిపోలేదు. విజయవాడ మునిగింది నా గట్టు వల్లనా? బుడమేరుకు గండ్లు పడ్డాయి, ఏటి దారిలోనే ఇళ్లు లేచాయి. పట్నంవాడు ఏరు పూడ్చుకుంటే అభివృద్ధి, నేను నా పొలంలో గట్టు వేసుకుంటే నేరం!

అమ్మాయి: విజయవాడను మీ గట్టు ముంచిందని నేను అనను. అక్కడివాళ్ల తప్పు అక్కడుంది. కానీ ఆ నీళ్లు తర్వాత ఎక్కడికి వచ్చాయి? మన మీదికే. లంక గ్రామాల రోడ్లు మునిగి పడవలు తిప్పారు. పెదఎడ్లగాడి వంతెన దగ్గర నీటిమట్టం ఎప్పుడు తగ్గుతుందా అని రోజూ కనుక్కున్నది మీరే కదా. మళ్లీ ఎండాకాలంలో నీరు అడుగంటితే ఉప్పుటేరు నుంచి సముద్రం ఎదురెక్కుతుంది. ఉప్పు తగిలిన నీళ్లలో మీ శీలావతి ఎదుగుతుందా? ఈ సరస్సు చస్తే ముందు పోయేది మీ చెరువే బాబాయీ.

బాబాయి: చేపల మేతకు కోళ్ల వ్యర్థాలు తెచ్చి పోసేవాళ్లను అడగవేం? తవుడు ధర మండిపోయినప్పుడు కూడా నా చెరువులో నేను అది వేయలేదు.

అమ్మాయి: నాకు తెలుసు. అందుకే మీతో మాట్లాడుతున్నాను.

బాబాయి: అయితే విను. ముందు నా ఆరెకరాలకు పరిహారం కట్టమను. కట్టిన రోజున పొక్లెయిన్ రానక్కరలేదు, గట్టు నేనే తెంపుతాను.

అమ్మాయి: రాసిస్తారా?

బాబాయి: సర్వే నంబరుతో సహా రాసిస్తాను.

అమ్మాయి: అయితే మీ ఆరెకరాల కోసం మూడో కాంటూరు అక్కరలేదు, పరిహారం చాలు. మరి మీ పక్కన అంత పెద్ద గట్టేసిన చెరువు ఉందే, దానికి పాసుపుస్తకం ఉందా?

బాబాయి: దాని సంగతి నన్ను అడుగుతావేం? అది నాది కాదు.

అమ్మాయి: కాదు. కానీ మూడో కాంటూరు ఊరేగింపులో దాని యజమాని ముందు నడుస్తాడు, మీ పాసుపుస్తకం చేత్తో పట్టుకుని.