స్టూడియో కాంబో కిట్టు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ స్టూడియో కాంబో కిట్టు గారి, అనగా మైకునూ దాని సరంజామానూ కలిపి ఒకే పెట్టెలో అమ్మే సెట్టు గారి, దివ్య సముఖానికి, నల్లకుంట నుంచి విన్నవించుకునేది ఏమనగా,

ఇక్కడ మేమందరం క్షేమం. మీ క్షేమం అడగనక్కర లేదు. మా బల్లకు బిగించిన మడత స్టాండు చివర, నల్లటి నురగ టోపీ పెట్టుకుని, తలకిందులుగా వేలాడుతూ మీరెంత నిశ్చింతగా ఉన్నారో రోజూ చూస్తూనే ఉన్నాను. నిన్న సాయంత్రం ఇంటికి వచ్చిన ఆడియో ఇంటర్‌ఫేసు, అంటే మైకును కంప్యూటరుకు కలిపే పరికరం, డబ్బా విప్పి, దాని ముఖం మీద ‘48 వోల్టులు’ అని రాసి ఉన్న బొత్తాన్ని చూసిన క్షణం నుంచి నిశ్చింత కరువైంది నాకే. ఎందుకంటే మైకు పనిచేయడానికి కావలసిన ఆ 48 వోల్టులను ఇచ్చే డబ్బాను నేను అప్పటికే 950 రూపాయలు పోసి విడిగా కొని తెచ్చుకున్నాను. ఇప్పుడు నా బల్ల మీద రెండు నలభై ఎనిమిదులు పక్కపక్కన కూర్చుని ఉన్నాయి. మైకు మాత్రం ఒక్కటే.

నా కోరిక చిన్నది. ముప్ఫై ఏళ్ళు బడిలో పిల్లలకు చెప్పిన పద్యాలను, గొంతు ఇంకా మాట వింటున్నప్పుడే, కంప్యూటరులో రికార్డు చేసి దాచుకోవాలనుకున్నాను. ఐదు వేల రూపాయలు విడిగా పెట్టుకుని, మూడు వారాల కిందట కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళాను. మనిషికన్నా ఎత్తయిన స్పీకర్ల నడుమ, అట్టపెట్టె మీద బంగారు రంగు మైకు బొమ్మతో, ‘ప్రొఫెషనల్ స్టూడియో’ అనే బిరుదుతో, 1,850 రూపాయలకు మీరు దర్శనమిచ్చారు. మైకు, స్టాండు, మైకును పట్టుకునే సాలెగూడు, నోటి గాలిని ఆపే జల్లెడ, టోపీ, తీగ కలిపి మొత్తం ఆరు వస్తువులు. ఇన్ని ఇచ్చినవారు మైకు పనిచేయడానికి కావలసిన ఏడోది కూడా ఇచ్చే ఉంటారని నేను అనుకున్నాను. చట్నీ, సాంబారు, కారప్పొడి వడ్డించి, ఇడ్లీ మీరే తెచ్చుకోండి అనే హోటలును నేను అంతవరకు చూసి ఉండలేదు మరి.

ఆ ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలపాటు, ఫ్యాను ఆపుకుని, చెమటలు కక్కుతూ పన్నెండు పద్యాలు చదివాను. తీరా వినబోతే ముందుగా వచ్చింది ట్రాన్స్‌ఫార్మరు కింద నిలబడినప్పుడు వినబడే హోరు. దాని వెనకెక్కడో, బావిలో పడి కేకలు వేస్తున్న మనిషిలా, నేను. ల్యాప్‌టాప్ చార్జరు పీకేస్తే హోరు కాస్త తగ్గింది గాని, నేను బావిలోంచి పైకి రాలేదు.

కారణం మీ పెట్టె అడుగున, చీమ తలకాయంత అక్షరాలతో రాసి ఉందని మరునాడు భూతద్దం పెట్టి తెలుసుకున్నాను. మీరు కండెన్సరు జాతి మైకు. మీకు 48 వోల్టుల ‘ఫాంటమ్ పవర్’ కావాలి. నా కంప్యూటరు మైకు రంధ్రం ఇచ్చే కొద్దిపాటి వోల్టులతో మీ కడుపు నిండదు. శబ్దం నడిచే రెండు తీగల మీదనే కంటికి కనబడకుండా కరెంటు కూడా నడుస్తుంది కాబట్టి దానికి ఆ దయ్యం పేరు పెట్టారట. 48 అనే అంకె ఎక్కడిదంటే, 1966లో నార్వే రేడియో కోసం నాయ్‌మన్ కంపెనీ మైకులు తయారుచేసినప్పుడు, ఆ దేశపు చలికాలపు చీకటికి భయపడి స్టూడియోలలో పెట్టుకున్న అత్యవసర దీపాల సరఫరా 48 వోల్టులు ఉండడం వల్ల దాన్నే వాడుకున్నారని చెబుతారు. నార్వేలో తొందరగా పొద్దుగూకినందుకు నల్లకుంటలో నా సీసపద్యం మూగబోవాలా అని అడిగితే, మీరు టోపీ కూడా కదపరు.

మళ్ళీ గల్లీకి వెళ్ళాను. అమ్మిన అబ్బాయి ఏమాత్రం తడుముకోకుండా, “ఫాంటమ్ తీస్కోలేదా మేడమ్? అది లేకుంటే ఇది పని చెయ్యదు కదా!” అన్నాడు. ఆ ‘కదా’ దగ్గర నాకు చిర్రెత్తింది. మొన్న డబ్బు తీసుకున్నప్పుడు ఆ ‘కదా’ ఏమైంది? సరే, ఆ 950 కూడా పోశాను. బావిలోంచి సగం దూరం పైకి వచ్చాను. హోరు మాత్రం అలాగే ఉంది. మైకు దగ్గర మూడు పిన్నులతో బయలుదేరే తీగలో, ఒకే శబ్దం ఒక తీగ మీద నిటారుగా, రెండో తీగ మీద తలకిందులుగా నడుస్తుంది. దారిలో దూరిన హోరు రెండింటిలో ఒకేలా ఉంటుంది కాబట్టి, చివర ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసివేస్తే అది రద్దవుతుంది. ఇంత చక్కని ఏర్పాటును మీరిచ్చిన తీగ చివర 3.5 మిల్లీమీటర్ల చిన్న పిన్నుతో తుంచేశారు.

ఇక మర్యాద నా వల్ల కాదు. నువ్వు ముందే చెప్పి ఉండవచ్చు కదా! ‘స్టూడియో’ అనే మాటను జానెడు అక్షరాలతో అచ్చు వేసుకున్నదానివి, ‘నాకు ఇంటర్‌ఫేసు కావాలి, 48 వోల్టులు దాంట్లోనే ఉంటాయి, విడిగా కొనవద్దు’ అనే ఒక్క ముక్క అదే అట్ట మీద వేయడానికి నీకు సిరా చాలలేదా? ఆ ముక్క ఉంటే ఇంటర్‌ఫేసుకు పోసిన 4,100తో కలిపి 5,950తో తేలేదాన్ని. లేదా నిన్ను ముట్టుకోకుండా, ఒక్క తీగతో కంప్యూటరుకు తగిలించే యూఎస్‌బీ మైకు ఐదు వేలలోపే కొనుక్కునేదాన్ని. చివరికి 6,900 అయింది. మా వీధి భజన మండలి డైనమిక్ మైకు పదేళ్ళుగా ఏ దయ్యమూ అవసరం లేకుండా, కింద పడి లేస్తూ పాడుతూనే ఉంది.

మిగతా నేరాలను క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. గోడకు కొట్టుకోమని పక్కింటివారు సలహా ఇచ్చిన కోడిగుడ్ల అట్టలు బయటి ఆటోల చప్పుడును ఏమీ చేయలేదు. హెడ్‌ఫోను పెట్టుకుంటే నా గొంతు ఆలస్యంగా వచ్చి నన్నే వెక్కిరించింది. గొంతును కంప్యూటరు చుట్టూ తిప్పకుండా నేరుగా చెవికి వినిపించే ‘డైరెక్ట్ మానిటర్’ బొత్తం ఇంటర్‌ఫేసు మీద ఉండబట్టి బతికిపోయాను.

నిజం కూడా చెప్పాలి. నిన్న రాత్రి పదకొండు దాటాక, పక్క అపార్ట్‌మెంటు బోరు మోటారు ఆగాక, మైకును దగ్గరకు లాక్కుని, తల మీదుగా బొంత కప్పుకుని, ఇంటర్‌ఫేసు మీది ఆ 48 వోల్టుల బొత్తం నొక్కి ఒక్క సీసం చదివాను. హోరు లేదు. ఎత్తుగీతికి ముందు నేను పీల్చిన ఊపిరి, గోడ మీది బల్లి పలికిన ఒక్క మాట, అన్నీ పడ్డాయి. ముప్ఫై ఏళ్ళు పిల్లలను బెంచీ ఎక్కించి దిద్దించిన నేను మూడో పాదంలో ‘శ’ను ‘స’ అని పలికిన సంగతి కూడా పడింది. అది మీరు తప్ప ఇంకెవరూ పట్టుకోలేదు. ఈ రాత్రి మోటారు ఆగాక ఆ పద్యం మళ్ళీ చదవాలి.

ఇట్లు,
మీ అట్టపెట్టెను నమ్మిన ఒక విశ్రాంత తెలుగు పంతులమ్మ

తా.క. 950 రూపాయల ఫాంటమ్ డబ్బాను దుకాణంవారు వెనక్కి తీసుకోరట. సీలు విప్పానట.