సాల్వియా మన ఎండకు నిలవదా?

చలికాలం మొదలయ్యేసరికి మిద్దెతోటల వారి ఫోన్లలో సాల్వియా అనే పూలమొక్క గురించి ఒక సందేశం తిరుగుతుంది. సాల్వియా మత్తు మొక్క కనుక పిల్లలున్న ఇంట్లో పెంచరాదనీ, చలిదేశపు మొక్క కనుక మన ఎండకు నిలవదనీ, గింజను అంగుళం లోతున నాటి ఎరువు దండిగా వేయాలనీ, తొలి పూత రాలగానే పీకి పారేయాలనీ దాని సారాంశం. వీటిలో ఒక్కదానిలో సగం నిజముంది, తక్కినవి పొరపాట్లు. సాల్వియా అన్నది ఒకే మొక్క పేరనుకోవడం దగ్గరే చిక్కు మొదలైంది. అది తులసి, పుదీనాల కుటుంబానికి చెందిన ప్రజాతి, అందులో దాదాపు 1000 జాతులున్నాయి. లేత కాండాన్ని వేళ్ళ మధ్య దొర్లిస్తే నాలుగు పలకలుగా తగులుతుంది, ఆ చుట్టరికానికి అదే గుర్తు.

ముందుగా మత్తు మాట. ఆ పేరు తెచ్చుకున్నది సాల్వియా డివినోరమ్ అనే జాతి. మెక్సికోలోని వహాకా కొండల్లో మజటెక్ ప్రజలు తమ క్రతువుల్లో వాడే ఆ మొక్కకు తెల్లని పూలు పూస్తాయి, దాని మత్తుకు కారణం సాల్వినోరిన్-ఏ అనే పదార్థం. మన నర్సరీల్లో అమ్మే ఎర్ర సాల్వియా స్ప్లెండెన్స్, నీలి సాల్వియా ఫారినేసియా వేరే జాతులు. చియా గింజలూ సాల్వియా హిస్పానికా అనే మరో జాతివే కనుక, పొద్దున్నే చియా నీళ్ళు తాగి ఈ సందేశాన్ని పదిమందికి పంపేవారిని చూస్తే నవ్వు వస్తుంది. అలాగని పూలతోటలోని సాల్వియా ఆకును వంటలో వేయమని కాదు. వంటింటి సేజ్, సాల్వియా అఫిసినాలిస్, మళ్ళీ వేరు.

సగం నిజం ఎండ విషయంలో ఉంది. బ్రెజిల్ నుంచి వచ్చిన స్ప్లెండెన్స్‌ను మన మైదానాల్లో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నారు పోస్తే చలికాలమంతా పూసి, ఎండలు ముదిరేసరికి వడలిపోతుంది. ఫారినేసియా అలా కాదు, దాని పుట్టిల్లు టెక్సాస్, మెక్సికోల వేడి నేలలు. మధ్యాహ్నానికి నీడ పడేలా గోడకు తూర్పు వైపున కుండీ పెట్టి, నీరు నిలవకుండా చూసుకుంటే వేసవిని గట్టెక్కుతుంది. ఎర్రదే కావాలనుకునేవారికి ఎండను ఓర్చే సాల్వియా కాక్సీనియా ఉంది, రాలిన గింజలతోనే అది మళ్ళీ మొలుస్తుంది.

ఇక విత్తనం. స్ప్లెండెన్స్ గింజ మొలవడానికి వెలుతురు తోడ్పడుతుంది కనుక, అంగుళం లోతున వేసినవారికి దక్కేది ఖాళీ కుండీయే. తడి కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మీద గింజలు చల్లి, వేలితో అదిమి, సన్నని తుంపరతో తడుపుతూ ఉంటే రెండు వారాల్లోపు మొలకలు వస్తాయి. ఎరువు సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు: నత్రజని మితిమీరితే ఆకు పెరుగుతుంది, పూత తగ్గుతుంది.

పీకి పారేయమనడం అన్నిటికంటే నష్టం చేసే సలహా. స్ప్లెండెన్స్ కంకిని దగ్గరగా చూస్తే గొట్టం వంటి పువ్వు రాలినా, దాని అడుగున ఉన్న గంట వంటి ఎర్రని తొడుగు అలాగే నిలిచి ఉంటుంది. చాలామంది దాన్నే పువ్వనుకుని కంకిని వదిలేస్తారు, లోపల మాత్రం గింజలు ముదురుతూ మొక్క సత్తువను లాగేస్తుంటాయి. ఆ తొడుగుల రంగు వెలవకముందే కంకిని, దాని కింది మొదటి ఆకుల జంటకు కాస్త పైన కత్తిరించాలి. ఆ రెండు ఆకుల మొదళ్ళలో అప్పటికే చిగుళ్ళు సిద్ధంగా ఉంటాయి.