సెలైన్ అయిపోయింది, సిస్టర్ ఏదీ?

రాత్రి రెండు గంటలకు సెలైన్ ఖాళీ అయి గొట్టంలోకి రక్తం ఎదురెక్కుతుంటే, పేషెంట్ భార్య చెప్పులు కూడా వేసుకోకుండా నర్సింగ్ స్టేషన్‌కి పరుగెడుతుంది. కుర్చీ ఖాళీ. వార్డు మొత్తానికి ఉన్న ఒక్క సిస్టర్ ఆ చివర, వాంతి చేసుకుంటున్న ముసలాయన వీపు పట్టుకుని నిలబడి ఉంటుంది. 'ఒక్క నిమిషం అమ్మా, వస్తున్నా' అంటుంది. ఆసుపత్రిలో తోడు పడుకున్నవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన సీనే. ఒళ్లు తుడిచేది, పక్కకి తిప్పేది, బెడ్‌పాన్ పెట్టేది ఇంటివాళ్లే, అయినా డిశ్చార్జి నాడు బిల్లులో 'నర్సింగ్ చార్జీలు' రోజుకింత అని తప్పకుండా ఉంటాయి!

జనరల్ వార్డులో ఆరుగురికి ఒకరు, ఐసీయూలో రోగికొక నర్సు అన్నది మన దేశంలో ఎప్పటినుంచో కాగితం మీద ఉన్న లెక్క. నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడితే సర్జరీ అయినవాళ్లు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని 2002లోనే అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద చేసిన అధ్యయనం చెప్పింది. అక్కడి కాలిఫోర్నియాలో 2004 నుంచి ఒక్కో నర్సుకి ఎంతమంది రోగులన్న లెక్క చట్టం కింద అమలవుతోంది. మన దగ్గరేమో కార్పొరేట్ ఆసుపత్రుల ఇన్వెస్టర్ల మీటింగుల్లో ఒక్కో మంచం మీద రోజుకి ఎంత రాబడి అన్న లెక్క పైసలతో సహా చెబుతారు, ఆ మంచానికి రాత్రిపూట ఎంతమంది నర్సులున్నారో అడిగేవాళ్లు లేరు.

నర్సులు దొరకడం లేదండీ అంటాయి యాజమాన్యాలు. దొరకరా? తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకే జర్మన్ నేర్పి జర్మనీ పంపుతోంది. సుప్రీంకోర్టు 2016లో ఆదేశిస్తే వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రులు సర్కారు నర్సులతో సమానంగా జీతమివ్వాలని, 50లోపు పడకలున్నా 20 వేలకు తగ్గొద్దని చెప్పింది. అది సిఫార్సుగానే మిగిలింది. చాలీచాలని జీతానికి బాండు రాయించుకుని, సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో పెట్టుకుంటే ఎవరు ఉంటారు? సర్కారు దవాఖానాలేమీ పత్తిత్తులు కావు, అక్కడ కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పేరుతో ఏళ్లు గడిపేస్తున్నారు. కానీ అక్కడ కనీసం నర్సింగ్ చార్జీలని బిల్లు వేయరు.

ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఫైల్ వచ్చినప్పుడు జిల్లా వైద్యాధికారులు ఫైర్ ఎన్‌వోసీతో పాటు గత మూడు నెలల డ్యూటీ రోస్టర్ కూడా తెప్పించుకోవాలి. పగటిది కాదు, రాత్రి షిఫ్టుది.