‘అంతా మీ కోసమే’ అంటూ...

‘ఇదంతా మీ కోసమే కదా!’ సంపాదన తప్ప మరో ధ్యాస లేనివారు ఇంట్లోవాళ్లకు చెప్పే జవాబు ఇది. చాలామంది మనస్ఫూర్తిగానే చెబుతారు. అయితే ఎవరి కోసం కష్టపడుతున్నామంటున్నారో వాళ్లకు ఏం కావాలో మాత్రం అడగరు. అడిగి చూస్తే పిల్లలు రాత్రి కలిసి భోంచేద్దామంటారు. భార్యో, భర్తో ఫోన్ పక్కన పెట్టి కాసేపు తమ మాట వినమంటారు.

డబ్బు అక్కర్లేదని మేము చెప్పబోవడం లేదు. అద్దె కట్టలేక, వైద్యానికి అప్పు పుట్టక నలిగిపోతున్న కుటుంబానికి ‘డబ్బే ముఖ్యం కాదు’ అని నీతులు చెప్పడం క్రూరత్వం. లేమి కూడా కాపురాల్లో చిచ్చు పెడుతుంది. మా ఆందోళన అవసరాలు తీరాక కూడా ఆగని పరుగు గురించి, ఆ పరుగులో సొంత మనుషుల విలువను కూడా సంపాదనతోనే కొలిచే అలవాటు గురించి.

అమెరికాలో 1,734 జంటలపై జేసన్ కారోల్ బృందం చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. డబ్బుకు, వస్తువులకు పెద్దపీట వేసే దంపతుల మధ్య మాటా మంతీ, గొడవలు సర్దుకునే తీరు, ఒకరి బాధకు ఒకరు స్పందించడం బలహీనంగా కనిపించాయి. ఇద్దరి స్వభావం ఒకటే అయితే సర్దుకుపోతారులే అనుకుంటాం. కానీ ఇద్దరికీ డబ్బు యావ ఉన్న జంటల పరిస్థితే అధ్వానంగా తేలింది. ఆర్థికంగా మెరుగ్గా ఉండి కూడా వారు డబ్బు గురించే ఎక్కువగా తగాదా పడ్డారు. ఏది కారణమో, ఏది ఫలితమో సర్వే ఒక్కటే తేల్చలేదు, నిజమే. కానీ ఇంకాస్త సంపాదిస్తే ఇంట్లో టెన్షన్ దానంతటదే పోతుందన్న నమ్మకాన్ని మాత్రం అది గట్టిగా ప్రశ్నిస్తోంది.

ఎక్కువ తెచ్చేవారి మాటే చెల్లే ఇంట్లో, జీతం లేని ఇంటిపని పనే కాకుండా పోతుంది. ఉద్యోగం పోయిన వ్యక్తి సొంతవాళ్ల ముందే తలదించుకుంటాడు. తోబుట్టువుల్లో వెనకబడినవారు, పోలికలు వినలేక శుభకార్యాలకు రావడమే మానేస్తారు. మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా బాధించేది మరొకటి. అమ్మానాన్నలు మంచాన పడ్డప్పుడు దూరాన ఉండి డబ్బు పంపేవారిదే పైచేయి అవుతుంది. రాత్రంతా మేలుకుని మందులిచ్చి, పక్క బట్టలు మార్చే మనిషిని ఖర్చులకు లెక్క చెప్పమంటారు. ఆ మనిషి వదులుకున్న ఉద్యోగం, పాడు చేసుకున్న ఆరోగ్యం ఏ పద్దులోనూ ఉండవు. ఏళ్ల తర్వాత ఆస్తి తగాదాగా బయటపడేది చాలాసార్లు ఈ పాత గాయమే.

పెద్దల తప్పూ ఉంది. ఆస్తిని కళ్లెంలా చేతిలో పట్టుకుని పిల్లల్ని ఆడించేవారు, ఒకరికి తెలియకుండా మరొకరికి మాటిచ్చేవారు తాము బతికుండగానే గొడవకు విత్తనం వేస్తున్నారు. అప్పులు, నష్టాలు దాచిపెట్టే దంపతులదీ ఇదే దారి. ఆ రహస్యం బయటపడిన రోజు పోయిన సొమ్ము కంటే పోయిన నమ్మకం ఎక్కువగా కుంగదీస్తుంది.

కాబట్టి ఇంట్లో డబ్బు గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. ఎంత ఉంటే చాలో దంపతులు కలిసి నిర్ణయించుకోవాలి. పిల్లల ముందు ఎవరినైనా పొగిడేటప్పుడు జీతం సంగతి ఎత్తకుండా ఉండగలమా అని ప్రతి ఇల్లూ ఆలోచించాలి. ఆస్తి ఉన్న పెద్దలు ఓపిక ఉన్నప్పుడే పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెట్టి, తమ నిర్ణయాన్ని అందరికీ ఒకేలా చెప్పి, వీలునామా రాయాలి. తమను కనిపెట్టుకుని ఉన్నవారు ఏమేం వదులుకున్నారో ఆ రోజే, మిగతావాళ్ల ఎదుటే చెప్పాలి.