మహారాజశ్రీ 1/8000 గారికి

మహారాజశ్రీ షట్టర్ స్పీడ్ 1/8000 గారి సముఖానికి,

కెమెరాలో వెలుగును లోపలికి వదిలే షట్టర్ సెకనులో ఎనిమిది వేలో వంతు సేపే తెరుచుకుంటే, అది తమరు. కెమెరా పెట్టె మీద తమరి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ పక్కనే గాల్లో నిలిచిపోయిన నీటి చుక్క ఫొటో ఉంటే తమరి దర్జా ఇంకాస్త పెరుగుతుంది. చూసినవాళ్లు చుక్కను ఆపింది తమరేననుకుంటారు. తమరూ కాదనరు.

చిన్న లెక్క మనవి చేస్తాను. నలభై సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడే చుక్క నీళ్లను తాకేసరికి సెకనుకు దాదాపు 2.8 మీటర్ల వేగంతో ఉంటుంది. తమరు రెప్ప వేసేలోపు అది 0.35 మిల్లీమీటర్లు జారుతుంది. పర్వాలేదు, మరీ చెడ్డ పనితనమేం కాదు. కానీ దానికి తమరు అడిగే వెలుతురు ఉందే! 1/200తో పోలిస్తే తమరు లోపలికి రానిచ్చేది నలభయ్యో వంతు. పైగా చుక్కంతా ఫోకస్‌లో ఉండాలంటే లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రాన్ని, అంటే ఎపర్చర్‌ను, ఎఫ్/11, ఎఫ్/16 దాకా బిగించాలి. ఇంటి బల్బు వెలుగులో ఇవన్నీ కలిస్తే వచ్చేది చీకటి. ఫొటోను పట్టే సెన్సర్ సున్నితత్వాన్ని, అంటే ఐఎస్ఓను, పెంచితే ఇసుక చల్లిన చీకటి.

పోనీ ఫ్లాష్ వెలిగిద్దామంటే తమరికి దానితో పడదు. షట్టర్‌కి రెండు తెరలు. చాలా కెమెరాల్లో 1/200, 1/250 దాకా ఏదో ఒక క్షణం సెన్సర్ మొత్తం తెరుచుకుని ఉంటుంది. తమరి దగ్గరికొచ్చేసరికి మొదటి తెర పూర్తిగా తప్పుకోకముందే రెండోది తరుముకొస్తుంది, మధ్యలో సన్నటి చీలిక మాత్రమే ఫ్రేమ్ మీదుగా సాగిపోతుంది. అప్పుడు మామూలు ఫ్లాష్ వెలిగితే వెలుగు పడేది ఒక్క చార మీద, అదీ పడితే. హై స్పీడ్ సింక్ ఉంది కదా అంటారేమో. తమరి మర్యాద కాపాడటానికి ఫ్లాష్ తన బలమంతా చిన్న చిన్న మెరుపులుగా తగలేసుకోవడమే అది. చుక్కను ఆపగల ఆ ఒక్క పొట్టి మెరుపూ అందులోనే పోతుంది.

అసలు పని చేసేది ఆ మెరుపే. మామూలు చిన్న ఫ్లాష్ పవర్‌ను పూర్తి బలంలో 1/64 వంతుకి తగ్గిస్తే వెలుగు మందగించదు, త్వరగా తెగిపోతుంది. చాలా ఫ్లాష్‌లలో అది 1/20,000 సెకను దరిదాపుల్లో ముగుస్తుంది. ఆ లోపు చుక్క కదిలేది 0.14 మిల్లీమీటర్లు. గదిలో లైట్లు ఆర్పేస్తే షట్టర్ 1/200 దగ్గర తీరిగ్గా తెరుచుకున్నా సెన్సర్‌కి కనిపించేది ఆ మెరుపు ఒక్కటే. ఫుల్ పవర్‌లో పెట్టి, బొమ్మ చెదిరిందని కెమెరాను తిట్టేవాళ్ల సంగతి వేరే లేఖలో.

ఇదేం కొత్త విద్య కాదు. తమరింకా పుట్టని రోజుల్లో, పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే, ఇంగ్లండ్ భౌతికశాస్త్రవేత్త ఆర్థర్ వర్తింగ్టన్ చీకటి గదిలో విద్యుత్ నిప్పురవ్వ వెలుగుతో చుక్కల చిందులను ఫొటో తీశాడు. పడిన చుక్క చేసిన గుంట పూడుకుంటూ పైకి ఎగజిమ్మే నీటి స్తంభాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 1957లో అమెరికా ఇంజనీర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ తీసిన పాలచుక్క కిరీటం ఫొటో కూడా ఫ్లాష్ చలవే.

ఇక మిగిలిన సరంజామా: అంచుదాకా నీళ్లు నింపిన నల్ల ట్రే, సూదితో పొడిచి పైన వేలాడదీసిన ప్లాస్టిక్ సంచి, వెనకాల ఒక తెల్ల కాగితం. ఫ్లాష్‌ను ఆ కాగితం వెనక నుంచి వెలిగించాలి. నేరుగా చుక్క మీద కొడితే దానికి మిగిలేది ఒక తెల్లమచ్చ. వెనక నుంచైతే చుక్క లెన్స్‌లా పనిచేసి కాగితం మీది వెలుగునంతా తలకిందులుగా కడుపులో దాచుకుంటుంది. చుక్క పడే చోట పెన్ను నిలబెట్టి మాన్యువల్ ఫోకస్ చేసి, పెన్ను తీసేయాలి. ఆటోఫోకస్ గారికి కూడా ఆ పూట సెలవే. చుక్క పడ్డాక ఎప్పుడు నొక్కాలన్నది వేలికి అలవాటు కావాలి, అందుకు చాలా ఫొటోలు చెడాలి. స్తంభం మీద రెండో చుక్క పడి గొడుగులా విచ్చుకోవాలంటే ఓపిక చాలదు, చుక్కల మధ్య వ్యవధిని లెక్కకట్టి వదిలే వాల్వు కావాలి.

కాబట్టి ఈ పని జరిగినంతసేపూ తమరు డయల్ మీద విశ్రాంతి తీసుకోవచ్చు. ఫొటో కింద పేరు మాత్రం ఫ్లాష్‌ది వేస్తాం.

ఇట్లు,
ట్రే చుట్టూ నేల తుడుచుకుంటున్న ఒకడు

తా.క.: ఫోన్‌తో తీసేవాళ్ల దగ్గర తమరి పరువు ఇంకా నిలిచే ఉంది. ఫోన్ ఫ్లాష్ ఎల్ఈడీ, దానికి అంత పొట్టిగా మెరవడం రాదు. వాళ్లు కిటికీలోంచి నేరుగా పడే ఎండలో ట్రే పెట్టుకుని, ప్రో మోడ్‌లో తమరి తమ్ముడు 1/4000ను పిలుచుకుంటారు. మబ్బు పట్టిన రోజు ఆయన కూడా చేతులెత్తేస్తాడు.