ఆ బడికి ఆఫీసరు కొడుకు కూడా రావాలి

విజయనగరంలో మున్సిపల్ ప్రాథమిక పాఠశాల అనగానే 'అక్కడేం చదువుంటుందిలే' అని పెదవి విరిచేవాళ్లు, ఒకసారి ప్రార్థన వేళకి వెళ్లి చూడాలి. కలాసీ కొడుకు, నాలుగిళ్లలో పాచిపని చేసే ఆమె కూతురు, పారిశుధ్య కార్మికుల పిల్లలు, ఒడిశా నుంచి తాపీపనికి వచ్చినవాళ్ల పిల్లలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు, అందరూ ఒకే వరసలో కనిపిస్తారు. ఇంత కలగాపులగంగా ఉంటే చదువు సాగదని చాలామంది అనుకుంటారు. సాగేది అందుకేనని నేనంటాను.

ఇలాంటి తరగతిలో మంచి టీచరు 'ఇంటికెళ్లి అమ్మ చేత చెప్పించుకో' అనలేరు. చెప్పే అమ్మ తెల్లారకముందే పనికెళ్లిపోతుంది. కాబట్టి అక్షరమైనా, ఎక్కమైనా బడిలోనే పూర్తి కావాలి. పేరున్న ప్రైవేటు బడి సగం చదువును ఇంటికీ ట్యూషన్‌కీ అప్పగించేసి, ఫలితం మాత్రం తన ఖాతాలో వేసుకుంటుంది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. తెలుగు రాని ఒడియా పిల్లకి పక్కనున్న పిల్లే పాఠం విడమరిచి చెబుతుంది, చెబుతూ తనూ నేర్చుకుంటుంది. ఒకరు రెండ్రోజులు రాకపోతే కారణం తరగతికే తెలుసు: 'ఆల తమ్ముడికి జొరం మేడమ్, అదే సూసుకుంటంది.' ఆ కబురు అందుకుని టీచరు ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్తే, మానేయబోయే పిల్ల మళ్లీ బడికొస్తుంది.

దీనికి తరగతికో టీచరు ఉండాలి. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం 60 మందిలోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లే. ఐదు తరగతులకు ఇద్దరైతే పై మాటలన్నీ కాగితం మీదే. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 117తో 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకు తరలించడం ఇంకా ఘోరం. 2025లో ఆ పద్ధతి మార్చి, తరగతికో టీచరుతో మోడల్ ప్రైమరీ స్కూళ్లు తెచ్చారు. మంచిదే.

ఆటో నడిపే తండ్రి కూడా అప్పు చేసి పిల్లాణ్ని కాన్వెంటుకే పంపుతున్నాడు కదా, అంటారు. నిజమే. అతను చుట్టూ చూసి నేర్చుకున్నాడు: కాస్త ఉన్నవాళ్లెవరూ ఈ బడికి పంపడం లేదు.

అసలు లోటు అదే. అన్ని వర్గాల పిల్లలకూ ఒకే పొరుగుబడి ఉండాలని 1966లోనే కేంద్రం వేసిన కొఠారీ విద్యా కమిషన్ చెప్పింది. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు ప్రభుత్వ బడుల్లోనే చదవాలని 2015లో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్ సర్కారును ఆదేశించింది. అది అమలుకు నోచుకోలేదు. పేద పిల్లలతో కలిస్తే మన పిల్లలు చెడిపోతారన్న టెన్షన్‌కీ ఆధారం లేదు. ఢిల్లీ ప్రైవేటు బడుల్లో ఆర్థికవేత్త గౌతమ్ రావు చేసిన అధ్యయనంలో, పేద తోటివాళ్లున్న సంపన్న పిల్లలు మరింత ఉదారంగా మారారు, వివక్ష తగ్గింది, చదువు పెద్దగా దెబ్బతినలేదు.

జూన్ వస్తే అడ్మిషన్ల కోసం టీచర్లు ఇల్లిల్లూ తిరుగుతారు. 'మరి మీ పిల్లలెక్కడ చదువుతున్నారు మాస్టారూ?' అని తల్లులు అడుగుతారు. కలెక్టరేటు నుంచి మున్సిపల్ ఆఫీసు దాకా అందరి చేతా దీనికి జవాబు చెప్పించాలి. ముందు వరసలో టీచర్లే ఉండాలి.